దానచింతామణి అత్తిమబ్బె

గుంతకల్లు నుండి బళ్ళారి, హోస్పేట మీదుగా హుబ్బళ్ళికి పోవు రైలుమార్గమున గదగు అను జంక్షను కలదు. ప్రత్తి వ్యాపారము చేయువారికి ఈ ఊరు క్రొత్తది కాదు. అక్కడ దిగి హోస్పేట పోవు బాటన సుమారు 12 కిలోమీటర్లు వెనుకకు వచ్చినచో లక్కుండి అను గ్రామము కనిపించును. నేడు అది చిన్న ఊరు. వేయి సంవత్సరములకు పూర్వము దానికి లొక్కిగుండి యని పేరు. అక్కడ టంకసాల యుండెడిది. ఆ టంకసాలలో ముద్రవేసిన బంగారు నాణెమును లొక్కి గద్యాణమని పిలిచెడివారు. దూరదేశముల వర్తకులు సయితము ఆ పేరు చెప్పి లావాదేవీలు నడపిరి. ఆ ఊరిలో నూటొక్క గుడులు, నూటొక్క బావులు ఉండెడివని ఇప్పటికిని జనులు చెప్పుకొందురు.

మిగిలిన గుడులలో పెద్దదియు, పాతదియు అయిన ఒక జినాలయము నేటికిని నిలిచియున్నది. మహావీరస్వామికి కట్టిన దీనిని బ్రహ్మజినాలయమని అందురు. లోపలి మంటపమున చతుర్ముఖ బ్రహ్మ విగ్రహముండుటచే ఆ పేరు వచ్చినది. ఈ జినాలయమును గురించిన శాసనము క్రీ. శ. 1007 నాటిది. అప్పుడు పశ్చిమ చాళుక్య చక్రవర్తియైన ఇరివబెడంగ సత్యాశ్రయుడు రాజ్యము చేయుచుండెను. కాని గుడి కట్టించినది చక్రవర్తి కాదు. యౌవనముననే భర్తను పోగొట్టుకొనిన ఒక ఇల్లాలు దానిని కట్టించెను. ఆమె పేరు అత్తిమబ్బె.

కన్నడిగులు ఆమెను తమ తల్లిగా ఎంచుకొందురు. అందులో తప్పు లేదు. ఆమె జీవించినది, దానధర్మములు చేసినది కన్నడదేశముననే. అయితే ఆమె తాతముత్తాతలది వేంగీ మండలము. తాత నాగమయ్య కమ్మనాటిలోని పుంగనూరివాడు. చిత్తూరు జిల్లాలో జమీందారుల పేరుతో ప్రసిద్ధి కెక్కిన పుంగనూరు వేరు, ఇది వేరు. నేటి గుంటూరు, ఒంగోలు ప్రాంతములు ఆనాటి కమ్మనాడు.

ఆ కాలమున వేంగిలో జైనధర్మము బలముగా నుండెను. స్త్రీలు దానములు చేయుట, చేయించుట అక్కడ అప్పటికే అలవాటైయుండెను. తూర్పు చాళుక్య వంశమునకు మొదటివాడైన కుబ్జ విష్ణువర్ధనుని రాణి అయ్యణ మహాదేవి 7వ శతాబ్దమున బెజవాడలోని నడుంబి వసతి అను జినాలయమునకు ముసినికొండ అను గ్రామమును ఇప్పించెను. సుమారు మూడువందల ఏండ్లకు, రెండవ అమ్మరాజు కాలమున, చామెకాంబ అను స్త్రీ తన గురువైన అర్హనందికి కలుచుంబర్రు గ్రామమును రాజుచే ఇప్పించి, సర్వలోకాశ్రయ జినభవనమున భోజనశాల బాగుచేయించుటకు ఏర్పాటు చేయించెను. ఆమె గణిక. అయినను రాజు శాసనమున ఆమె పేరు, ఆమె భక్తి వ్రాయించుటకు వెనుదీయలేదు. ఇట్టి గాలి వీచిన దేశమునుండి వచ్చిన కుటుంబము నాగమయ్యది.

నాగమయ్య కుమారులు మల్లప, పున్నమయ్య. ఇరువురును కత్తి పట్టిన వారే, ఇరువురును కావ్యము చెప్పించిన వారే. తమ గురువు జినచంద్రదేవుడు స్వర్గస్థుడైనపుడు, ఆయన పేరు నిలుచుటకు పొన్న కవిచేత శాంతిపురాణమను కావ్యమును వ్రాయించిరి. పదునారవ తీర్థంకరుడైన శాంతినాథుని కథ యది. పొన్నయు వేంగి ప్రాంతపు వాడే. రాష్ట్రకూట చక్రవర్తియైన మూడవ కృష్ణునిచేత ఉభయకవిచక్రవర్తి యను బిరుదు పొందినవాడు. అంతకు ముందటి తరమున కన్నడమునకు ఆదికవియైన పంపని వంశము కూడ వేంగి నుండి వచ్చినదే. తెలుగున నన్నయ భారతము పుట్టుటకు ఇంకను ఎన్నో ఏండ్లుండగనే, వేంగినుండి పోయినవారు కన్నడమున మహాకావ్యములు వ్రాసిరి, వ్రాయించిరి. పొట్టకూటికో వ్యాపారమునకో తెలుగునాడు విడిచి కన్నడదేశమున స్థిరపడిన కుటుంబములు నేడు వేలకొలది కలవు. ఆ దారిన ముందు నడచినవారు వీరు.

పున్నమయ్య కావేరి తీరమున యుద్ధముచేసి మరణించెను. మల్లపకు కుమారులును, ఇరువురు కుమార్తెలును. పెద్దకూతురు అత్తిమబ్బె, చిన్నకూతురు గుండమబ్బె. గురువు పేర కావ్యము పుట్టిన ఇంట వారు పెరిగిరి. పురాణ శ్రవణము, సాధువుల రాకపోకలు, లేఖకుల గంటపు చప్పుడు వారికి పుట్టినింటి అలవాట్లు.

క్రీ. శ. 973లో రాష్ట్రకూట రాజ్యము కూలి, పశ్చిమ చాళుక్య తైలపుడు చక్రవర్తి యయ్యెను. ఆయనకు కుడిభుజమువంటి మంత్రి ధల్లపుడు. ఆ ధల్లపుని కుమారుడు నాగదేవుడు. వీరుడు, రూపవంతుడు, చక్రవర్తి మెచ్చినవాడు. మల్లప తన ఇరువురు కూతుండ్రను నాగదేవునికే ఇచ్చి వివాహము చేసెను. అక్కాచెల్లెండ్రు సవతులైరి. నాటి గొప్పయిండ్లలో ఇది వింత కాదు. రెండు కుటుంబముల బలము ఒకచోట చేరునని పెద్దలు చూచుకొందురు. ఆడపిల్లల ఇష్టమును అడిగినవారు అరుదు. ఈ అక్కాచెల్లెండ్రు మాత్రము కలహము లేక కాపురము చేసిరని ఆ కాలపు కవియే చెప్పియున్నాడు. అత్తిమబ్బెకు ఒక కుమారుడు కలిగెను. అతని పేరు అణ్ణిగదేవుడు.

నాగదేవుడు ఎక్కువ కాలము బ్రదుకలేదు. అతడు చనిపోయిన దినమున ఆ ఇంట రెండు దారులు ఏర్పడెను. చెల్లెలు గుండమబ్బె భర్త చితిమీద ఎక్కెను. అక్క ఎక్కలేదు.

చదువరులు ఇక్కడ కొంచెము ఆగవలెను. ఈ ఇద్దరును ఒకే తల్లి బిడ్డలు. ఒకే గురువుల వద్ద వ్రతములు పట్టినవారు. ఒకే భర్తను వలచినవారు. జైనధర్మము చీమకు సయితము హాని తలపెట్టరాదని చెప్పును. సమంతభద్రాచార్యులు శ్రావకుల ఆచారములనుగూర్చి వ్రాసిన రత్నకరండ శ్రావకాచారమున, పుణ్యము వచ్చునని నదులలో మునుగుట, ఇసుకరాళ్లు కుప్పలు పోయుట, కొండమీదనుండి దుముకుట, అగ్నిలో పడుట, ఇవియన్నియు లోకమూఢత్వమని స్పష్టముగా వ్రాసి యున్నది. ఆ గ్రంథము అత్తిమబ్బె నాటికే పాతది. అనగా చితి ఎక్కుట పుణ్యమని చెప్పు శాస్త్రము ఆ ఇంటిలో లేదు. అయినను ఆ ఇంటి ఆడబిడ్డయే కాలిపోయినది. శాస్త్రముకంటె లోకాచారము ఎంత బలమైనదో గుండమబ్బె మరణము చూపుచున్నది. చుట్టుప్రక్కల గొప్ప వీరుల భార్యలందరును ఏమి చేయుదురో, ఊరందరును దేనిని మెచ్చుకొందురో, దానినే ఆమె చేసినది. ఆమెను నిందించుటకు ఎవరికిని నోరు రాదు. దుఃఖమును మెచ్చుకోలును కలిసి వచ్చినపుడు ఎదిరించుట చిన్నపని కాదు.

అత్తిమబ్బె ఎదిరించెను. చిన్న కొడుకును పెంచవలసియుండుట ఒక కారణమని అందరును చెప్పుదురు. నిజమే. గర్భవతికి, పసిబిడ్డ తల్లికి సహగమనము వలదని ఇతర మతముల పెద్దలుకూడ చెప్పియుండిరి. కాని కొడుకును పెంచుటకు మాత్రమే ఆమె బ్రదికినచో ఆమె పేరు నేడు ఎవరికిని తెలియదు. కొడుకును పెంచి, ప్రయోజకుని చేసి, ఆ తరువాతను ముందును తన బ్రదుకు తానుగా బ్రదికినది. వ్రతములతో దేహమును కృశింపజేసికొనెను. ఇది కూడ ఒక విధముగా చితియే యని కొందరు పండితులు అందురు. ఆ మాట పూర్తిగా సరియైనది కాదు. చితి ఎక్కినవారు మరునాడు లేచి లేఖకులకు జీతము లెక్కకట్టరు.

ఆమె చేసిన పనులలో మొదట చెప్పవలసినది పుస్తకముల పని. తండ్రియు పినతండ్రియు పొన్నచేత వ్రాయించిన శాంతిపురాణమును అత్తిమబ్బె వేయి ప్రతులు వ్రాయించి పంచిపెట్టెను. అచ్చుయంత్రములు లేని కాలమున వేయి ప్రతులనగా ఏమో వ్యాపారస్థులు లెక్కవేసికొనవచ్చును. ఆ కావ్యము 12 ఆశ్వాసములు గలది. ఆకులు కోయించి, ఉడికించి, ఆరబెట్టి, చదునుచేసి, ఒకే కొలతకు కత్తిరించి, రంధ్రము పొడిచి త్రాడు గ్రుచ్చుటకే ఒక జట్టు మనుష్యులు కావలెను. వ్రాయుట వేరు. ఒక లేఖకుడు నెలకొక ప్రతి వ్రాసెనని అనుకొన్నను, ఒక్కడే కూర్చున్నచో 83 సంవత్సరములు పట్టును. ఇరువదిమందిని కూర్చుండబెట్టినను నాలుగేండ్లు దాటును. అంతకాలము వారికి భోజనము, జీతము, ఆకుల సరఫరా, తప్పులు దిద్దు పండితుడు, పూర్తియైన ప్రతులను ఊరూరి బసదులకు చేర్చు బండ్లు, ఇవన్నియు ఒకరి తలలో నుండవలెను. ఇది నోములు నోచుకొనువారి వాయనముల వంటిది కాదు. నేడు ఒక పెద్ద కోఠీ నడుపువాడు చేయు పని.

ఆహారము, ఔషధము, శాస్త్రము, అభయము అని జైనులకు నాలుగు దానములు. అన్నదానము చేసినవారు ఎందరో కలరు, ఆడవారి చేతిమీదుగానే అది నడచును. శాస్త్రదానమును ఈ కొలతలో చేసినవారు ఆ కాలమున మగవారిలోను కనిపించరు. ఒక కావ్యము నాలుగు ప్రతులుగా నున్నచో, ఒక మఠము కాలిపోయిన, చెదలు పట్టిన, అది పోవును. పొన్న కావ్యము నేటికి మనకు దక్కినదనిన, ఆ దక్కుటలో అత్తిమబ్బె చేయి కలదని సాహిత్య చరిత్రకారులు ఒప్పుకొందురు.

రెండవది రన్నకవి కథ. రన్నడు ముధోళు అను ఊరివాడు. గాజులమ్ము బలెగారుల ఇంట పుట్టినవాడు. తండ్రి జినవల్లభుడు, తల్లి అబ్బలబ్బె. గాజుల మలారము భుజమున వేసికొని ఊరూర తిరుగు కుటుంబమున పుట్టిన పిల్లవానికి కావ్యములు చెప్పుకొనవలెనని కోరిక కలిగినది. వర్తకుల ఇండ్లలో పిల్లవాడు పద్దు విడిచి పద్యము పట్టుకొన్నచో తండ్రి ముఖము ఎట్లుండునో చెప్పనక్కరలేదు. రన్నడు ఇల్లు విడిచి శ్రవణబెళగొళకు పోయి అజితసేనాచార్యుల వద్ద చదువుకొనెను. గోమటేశ్వరుని విగ్రహము చెక్కించిన చావుండరాయలు అతనిని మొదట ఆదరించెను. ఆ మహావిగ్రహము కూడ చావుండరాయల తల్లి కాళలదేవి కోరికచే వెలసినదని జనుల నమ్మకము. తరువాత రన్నని చేరదీసినది అత్తిమబ్బె. ఆమె చెప్పించగా రన్నడు రెండవ తీర్థంకరుడైన అజితనాథుని కథను అజితపురాణముగా క్రీ. శ. 993లో ముగించెను. తైలప చక్రవర్తి అతనికి కవిచక్రవర్తి యను బిరుదు నిచ్చెను.

కావ్యమునకు కృతిభర్త అనిన రాజో, మంత్రియో, దండనాయకుడో ఉండుట వాడుక. గ్రంథము మొదట అతని వంశమును పొగడి, అతని కోరికచే కథ చెప్పుచున్నామని కవులు వ్రాయుదురు. అజితపురాణమున ఆ స్థానమున ఒక విధవ కూర్చున్నది. ఆమె తాత పేరు, తండ్రి పేరు, మామగారి పేరు, భర్త పేరు, చెల్లెలు చితి ఎక్కిన కథ, కొడుకు పేరు, ఆమె దానములు అన్నియు రన్నడు కావ్యమున చెప్పెను. గుండమబ్బె సంగతి నేడు తెలియుటకు ఆధారము ఇదియే. పుణ్యగ్రంథపు మంగళాదిని విధవ పేరు నిలిపినాడు ఆ గాజులవారి బిడ్డ. మన ఇండ్లలో ఎన్నో ఏండ్లపాటు దీపావళినాడు క్రొత్త ఖాతా పుస్తకములకు కుంకుమబొట్టు పెట్టి పూజచేయునపుడు, ఆ వ్యాపారమునకు తన పుట్టింటి సొమ్ము పెట్టుబడిగా ఇచ్చిన ముసలితల్లియే, భర్త లేనిదను కారణమున తలుపు చాటున నిలుచుండెడిది. అట్టివారిని చూచినవారు ఇంకను ఉన్నారు.

మూడవది బింబముల దానము. బంగారముతోను రత్నములతోను చేయించిన 1,500 జినబింబములను, ఘంటలు, దీపములు మొదలైన పూజాసామగ్రితో ఆమె పంచిపెట్టెనని చెప్పియున్నారు. ఒక్కొక్క బింబమున ఒక తులము బంగారమే యున్నదనుకొన్నను 1,500 తులములు. నేటి తూకమున పదునేడు కిలోల పైచిలుకు. దీనినిబట్టి ఆమె చేతిక్రింద ఎంత ధనముండెనో, దానిని ఖర్చుపెట్టుటకు ఆమెకు ఎంత స్వాతంత్ర్యముండెనో తెలియుచున్నది. దానచింతామణి యను బిరుదు ఊరక రాలేదు. అడిగినవానికి లేదనని రత్నమని ఆ మాటకు అర్థము.

ఇక్కడ ఒక సున్నితమైన విషయము చెప్పక తప్పదు. అత్తిమబ్బె పుట్టి పెరిగినది దిగంబర సంప్రదాయమున. స్త్రీ జన్మముననే మోక్షము రాదని, మరొక జన్మమున పురుషుడై పుట్టి సాధింపవలెనని ఆ సంప్రదాయము చెప్పును. శ్వేతాంబరులు స్త్రీకిని మోక్షము కలదందురు. పందొమ్మిదవ తీర్థంకరుడైన మల్లి స్త్రీయే యని వారి నమ్మకము. అప్పుడు కర్ణాటకమున ప్రబలియుండిన యాపనీయులును స్త్రీకి ముక్తి కలదనిరి. ఈ తగవును ఇక్కడ తీర్చుట సాధ్యము కాదు, తీర్చవలసిన పనియు లేదు. కాని ఒక్కమాట. చివరి మెట్టు నీకు ఈ జన్మమున లేదని చెప్పిన ధర్మమునకే ఆమె తన సర్వస్వమును ఇచ్చెను. ఫలము చేతికి వచ్చునని లెక్కచూచుకొని చేసిన దానము కాదది. ఆ సంప్రదాయపు ఆచార్యులును, శిల్పులును, కవులును ఆమె అండన బ్రదికిరి. ఆమెను తక్కువ చేసి మాటాడినవారు ఒక్కరును కనబడరు.

జనులు ఆమెనుగూర్చి అద్భుతములు చెప్పుకొనిరి. గోమటేశ్వరుని చూచునంతవరకు అన్నము ముట్టనని ఒట్టుపెట్టుకొని ఎండకాలమున శ్రవణబెళగొళ కొండ ఎక్కి అలసిపోగా, కాలము కాని కాలమున వాన కురిసి ఆమెకు చల్లదనము కలిగించెనని ఒక కథ. గోదావరి పొంగి పారుచుండగా ఆమె జినుని తలచుకొనుటచే ప్రవాహము నిలిచిపోయెనని మరియొక కథ. ఇవి శాసనములకు సయితము ఎక్కినవి. సుమారు నూరేండ్ల తరువాత హొయసల దండనాయకుడు గంగరాజును కావేరి వరద చుట్టుముట్టియు ముంచలేదని చెప్పవలసి వచ్చినపుడు, శ్రవణబెళగొళ శాసనము వ్రాసినవారు నాడు గోదావరి అత్తిమబ్బెకు లొంగినట్లే నేడు కావేరి ఇతనికి లొంగెనని పోలిక తెచ్చిరి. యుద్ధవీరుని ఒక స్త్రీతో పోల్చి గొప్పచేసిన మాట ఎన్ని శాసనములలో దొరకునో చెప్పుట కష్టము.

నదులు నిలుచునా యని నేటి పిల్లలు అడుగుదురు. అడగనిండు. కథను నమ్మినను మానినను, దానిని చెప్పుకొన్న జనుల మనస్సును గమనింపవలెను. ప్రయాణమై గడప దాటగానే విధవ ఎదురైనచో, వెనుకకు వచ్చి కాళ్లు కడుగుకొని, కొంతసేపు కూర్చుండి, మరల బయలుదేరుట మన దేశమున నిన్న మొన్నటి వరకు నడచిన ఆచారము. తన ఇంటి పిన్నమ్మ ఎదురైనను అదే మాట. అత్తిమబ్బె కథను తరతరములుగా చెప్పుకొన్నవారికి ఆమె భర్తలేని స్త్రీయని బాగుగా తెలియును. అయినను ఆమె మాటకు ఏరు నిలుచునని నమ్మిరి. అపశకునమని ఎవరును అనలేదు.

కుమారుడు అణ్ణిగదేవుడు పెరిగి పెద్దవాడై, పడెవళ తైలుడను పేరుతో చక్రవర్తి కొలువున పైకి వచ్చెను. లొక్కిగుండి జినాలయము కట్టునాటికి అతడు అధికారమున నున్నవాడు. ఎదిగిన కొడుకు, పదవిలోనున్న కొడుకు ఇంట నుండగా, ఆలయమును అతని పేర కట్టించుట లోకము తీరు. తల్లి డబ్బు ఇచ్చినను పలకమీద కొడుకు పేరే చెక్కుదురు. ధర్మశాలల గోడలమీది పాలరాతి పలకలు చదివినవారికి ఇది తెలిసిన సంగతియే. మగవాని పేరు పెద్దయక్షరములలో, క్రింద ధర్మపత్ని యని చిన్నయక్షరములలో. అదియును ఆమె చనిపోయిన తరువాత. లక్కుండి శాసనము అట్లు లేదు. దానము అత్తిమబ్బెది. చక్రవర్తిని అడిగి అనుమతి పొందినది అత్తిమబ్బె. పొగడ్త అత్తిమబ్బెకు. కొడుకు ఆమె కొడుకుగా కనిపించును.

ధనము ఎవరి చేతిలోనున్నదను ప్రశ్న ఎంత పాతదో ఈ శాసనము జ్ఞాపకము చేయుచున్నది. జైనుల నీతిగ్రంథములు సంతానములేని విధవకు భర్త ఆస్తిమీద గట్టి హక్కు చెప్పినవి. ఆంగ్లేయుల కాలమున కోర్టులు జైనులనందరను సామాన్య హిందూ ధర్మశాస్త్రము క్రిందికే తెచ్చి, ప్రత్యేకాచారమున్నదనువారు దానిని రుజువు చేసికొనవలెనని తీర్మానించుచు వచ్చినవి. 1878లో అగ్రవాల జైనుల వ్యాజ్యమొకటి లండనులోని ప్రివీ కౌన్సిలు వరకు పోయినపుడు, వారి ఆచారము ప్రకారము విధవ భర్త అనుమతి లేకయే దత్తత చేసికొనవచ్చుననియు, భర్త స్వార్జితముమీద ఆమెకు పూర్తి హక్కు కలదనియు అచ్చటి న్యాయమూర్తులు ఒప్పుకొనిరి. కాని రుజువు చేసికొనుటకు లాయర్లు, డబ్బు, ఓపిక కావలెను. అన్నయు బావమరిదియు ప్రక్కన నిలువవలెను. 1956లో హిందూ వారసత్వ చట్టము వచ్చి, జైన స్త్రీలతో సహా స్త్రీలకు తమ ఆస్తిమీద సంపూర్ణ హక్కు నిచ్చెను. 2005 సవరణతో కూతుండ్రు ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కొడుకులతో సమానులైరి. చట్టము వచ్చిన తరువాతను, పెండ్లియైన ఆడపిల్లచేత అన్నదమ్ములు ఒక కాగితముమీద సంతకము పెట్టించుకొని, చీరయు పసుపుకుంకుమలును ఇచ్చి పంపుట ఎన్ని ఇండ్లలో జరుగుచున్నదో ఎవరి ఇంటివారికి వారికే తెలియును. ఇన్‌కంటాక్సు సౌకర్యముకొరకు భార్య పేర ఫర్మ్ పెట్టి, ఆ ఫర్మ్ పేరు కూడ ఆమెకు చెప్పనివారును లేకపోలేదు.

సహగమనమునకు సంబంధించి 1829లో బెంటింకు దొర శాసనము చేయువరకు ఆ ఆచారము ఆగలేదు. గుండమబ్బె చితి చల్లారిన తరువాత ఎనిమిదివందల ఏండ్లకు పైగా ఎందరు చెల్లెండ్రు ఆ దారిన పోయిరో లెక్క లేదు. 1987లో రాజస్థానమున ఒక చిన్నది కాలిపోగా దేశము ఉలికిపడి మరియొక చట్టము చేయవలసి వచ్చెను. అక్క చూపిన దారి లక్కుండిలో రాతిమీద చెక్కియుండగనే ఇదంతయు జరిగినది.

ఆమె తరువాతి కాలమున కర్ణాటకమున దానశీలలైన స్త్రీలను పొగడవలసి వచ్చినపుడెల్ల శాసనకవులు అత్తిమబ్బెతో పోల్చిరి. కర్ణాటక ప్రభుత్వము పేరుగాంచిన స్త్రీలకు ఇచ్చుటకై దానచింతామణి అత్తిమబ్బె పేర ఒక ప్రశస్తిని ఏర్పరచినది. లక్కుండి జినాలయము పురావస్తుశాఖవారి రక్షణలో నున్నది. గదగున పని ముగించుకొని రాత్రి రైలుకు వేచియుండు వర్తకులు మధ్యాహ్నమున ఒక గంట తీరిక చేసికొన్నచో చూచి రావచ్చును. నున్నని రాతి స్తంభములు, లోపల చల్లదనము, మెట్లపై కూర్చున్నచో మాటాడవలెనని తోచదు. ఇంటివారిని కూడ తీసికొనిపోవుట మంచిది. తరుచుగా మగవారే తిరిగి, మగవారే చూచి, ఇంటికి వచ్చి కథ చెప్పుదురు.

రన్నకవికి ఇరువురు బిడ్డలు కలిగిరి. తనను చేరదీసిన వారి పేర్లే వారికి పెట్టుకొనెను. కొడుకునకు చావుండరాయల పేరున రాయ అనియు, కూతునకు అత్తిమబ్బె అనియు పేర్లు పెట్టెను. అట్లు ముధోళు గాజులవారి ఇంట ఒక ఆడపిల్ల ఆ పేరుతో పెరిగినది.